పద్నాలుగో తూము తాళంచెవి

చింతరేవు కాలవల ఆఫీసులో అటెండరు మస్తాను కుర్చీ వెనక గోడకు ఇరవై రెండు మేకులున్నాయి. మేజరు కాలవకు తూములు ఇరవై రెండు, కాబట్టి మేకులూ అన్నే. మేకుకొక తాళంచెవి, తాళంచెవికొక రేకుబిళ్ళ, బిళ్ళ మీద తూము నంబరు. దాని కిందే షట్టరు ఎన్ని చుట్లు ఎత్తాలో ఉంటుంది. పై ఊళ్ళవాళ్ళు దొంగచాటుగా షట్టర్లు ఎత్తుకుంటున్నారని ఏనాడో గొలుసులు వేసి తాళాలు బిగించారు. వంతు వచ్చిన ఊరి నుంచి ఒక రైతు వస్తాడు. ఆఫీసు పెద్ద డి.ఇ. గారు కాయితం మీద సంతకం పెడతారు. మస్తాను వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి, తడిమి, తాళంచెవి అందిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇంతే. ఏ మేకు ఎక్కడుందో మస్తాను చేతికి అతని కళ్ళకంటే బాగా తెలుసు.

సోమవారం పొద్దున ములకలూరు యల్లమంద సైకిలెక్కి పద్నాలుగో తూము తాళంచెవి కోసం బయల్దేరాడు.

ములకలూరు కాలవకు దిగువ ఊరు. దానికి నీళ్ళ వంతు ఆ శనివారం సాయంత్రం దాకానే. ఆ తరవాత నీళ్ళు అవతలి కాలవకు మళ్ళిస్తారు. మళ్ళీ పన్నెండు రోజులకు గాని రావు. యల్లమందకు రెండున్నర ఎకరాలు. నారు పోసి ఇరవై తొమ్మిది రోజులైంది. ఇంకో వారంలో నాటితే వరి, పన్నెండు రోజులు ఆగితే గడ్డి. ఊళ్ళో అందరి నారుమళ్ళూ ఇంచుమించు అదే ఈడు. ఇంకెవరు వెళ్ళినా ఆఫీసులో తగూ పెట్టుకొస్తారని, మాట తక్కువ మనిషని యల్లమందను పంపారు.

బయల్దేరేటప్పుడు భార్య సామ్రాజ్యం గుప్పెడు నారు పీకి, వేళ్ళకు తడిగుడ్డ చుట్టి హ్యాండిలుకు కట్టింది.

"ఇది తీసుకెళ్ళి ఆ సారు బల్ల మీద పెట్టు. నువ్వెటూ మాట్లాడవు, అదన్నా మాట్లాడుద్ది" అంది.

యల్లమంద ఆఫీసు మెట్లెక్కేసరికి మస్తాను తన కుర్చీలోనే ఉన్నాడు. మెళ్ళో మాత్రం కొత్తగా ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద 'రౌటరు' అని రాసి ఉంది.

"మస్తానూ, పద్నాలుగు" అన్నాడు యల్లమంద.

మస్తాను లేచి నిలబడి చేతులు జోడించాడు. "నమస్కారమండీ. తమరెవరు?"

యల్లమంద వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

మస్తాను యల్లమందను బావా అంటాడు. ఏ వరసన బావో ఇద్దరికీ తెలియదు గాని పాతికేళ్ళుగా బావే. మస్తాను కూతురి పెళ్ళికి వంటపాత్రలన్నీ యల్లమంద బండి మీదే వచ్చాయి. ఏటా కొత్త బియ్యం మొదటి తపేళా మస్తాను ఇంట్లోనే ఉడుకుతుంది. అలాంటి మనిషి నోట 'తమరు' అన్న మాట వినగానే యల్లమందకు చెంప మీద కొట్టినట్టయింది.

"ఎండ తగిలిందా నీకు?"

"తమరి పేరు, ఊరు, వచ్చిన పని సెలవియ్యండి" అన్నాడు మస్తాను గట్టిగా. తరవాత పెదవి కదలకుండా, "టీ బడ్డీ కాడికి పద బావా, చెప్తా. గేటు లోపల నువ్వు నాకు గుర్తుండకూడదు" అన్నాడు.

బడ్డీ దగ్గర మస్తాను మెళ్ళో అట్టముక్క తీసి జేబులో కుక్కుకుని, మళ్ళీ మస్తాను అయ్యాడు.

సంగతేమిటంటే, ఆఫీసులన్నీ నెలాఖరు లోపల డైనమిక్ కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అందులో ఏముందో నేర్చుకురమ్మని డి.ఇ. మేఘనాథం గారిని అయిదు రోజుల శిక్షణకు పంపారు. మేఘనాథం గారు నిజాయితీపరుడు, కష్టపడే మనిషి. ఏది చెప్పినా పూర్తిగా నమ్ముతాడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. అయిదు రోజుల్లో నాలుగు రోజులు ముందు వరసలో కూచుని రెండు నోటు పుస్తకాలు నింపాడు. నాలుగో రోజు మాత్రం ఇంట్లో మిక్సీ బాగుచేయించుకు రమ్మన్నారని బజారుకు వెళ్ళాడు. ఆ రోజు పాఠంలో ముఖ్యాంశాలు పక్కాయన పుస్తకంలోంచి రెండు లైన్లు ఎక్కించుకున్నాడు.

"సర్వరంటే ఒక మిషనంట బావా" అన్నాడు మస్తాను గ్లాసు ఊదుకుంటూ. "మనం ఏదన్నా అడిగితే అప్పటికప్పుడు వేడివేడిగా కాయితం తయారుజేసి ఇచ్చుద్దంట. ఇచ్చిన మరుక్షణం మనల్ని మర్చిపోద్దంట. మళ్ళీ అడిగితే మళ్ళీ కొత్తోడివే. ఆ మిషను ఎట్టా నడవాలో చెప్పే చట్రం పేరు ఫ్రేమ్‌వర్కు."

"మిషనేదీ?"

"రాలా. టెండర్లో ఉంది. గది కట్టారు, గదికి ఏసీ పెట్టారు. ఖాళీ గది చల్లగా ఉంది. మిషనొచ్చేదాకా మమ్మల్నే సర్వరుగా ఉండమన్నారు. ఎవర్ని ఏ దోవన పంపాలో చెప్పే రౌటరుని నేను."

యల్లమంద టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మరి తాళంచెవి?"

"అడగాలి బావా. పద్ధతి ప్రకారం అడగాలి."

ఆఫీసు గోడకు ఉత్తర్వు అంటించి ఉంది. యల్లమంద అయిదో తరగతి చదువు నెమ్మదిగానైనా నమ్మకంగా పనిచేస్తుంది. వేలు పెట్టి చదువుకున్నాడు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, సర్వరు యంత్రము సరఫరా అగునంతవరకు ఈ కార్యాలయమే సర్వరుగా ప్రవర్తించవలెను. ప్రతి అర్జీదారుని అభ్యర్థనయు సరికొత్త అభ్యర్థనగా పరిగణింపబడును. అభ్యర్థన ముగిసిన పిమ్మట సదరు అర్జీదారుని గూర్చిన యావత్తు జ్ఞాపకమును సిబ్బంది తక్షణమే విసర్జించవలెను. కార్యాలయ ఆవరణలో ఎవరినైనను గుర్తుపట్టిన సిబ్బందిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

చదవడం అయ్యాక యల్లమంద తిరిగి వచ్చి మస్తాను ముందు నిలబడి, తన పేరు తన ఊరు చెప్పుకున్నాడు. మస్తాను అతని మణికట్టుకు పసుపు దారం కట్టి, దాని చివర చీటీ మీద టైము వేశాడు.

"ఇదెందుకు?"

"తెలియదండీ. వచ్చినవారికి ఒక గుర్తు కట్టవలెనని సార్ పుస్తకంలో ఉంది. ఎందుకో లేదు. అందుకని టైము వేస్తున్నాం. ఇరవై నిమిషాల్లో పని కాకపోతే మీ అభ్యర్థన చచ్చిపోయినట్టు."

వరండాలో మూడు బల్లలు వేశారు. అభ్యర్థన ఏదైనా ఈ మూడింటి మీదుగా లోపలికి వెళ్ళాలి, వచ్చేటప్పుడు మూడోదాని నుంచి మొదటిదాని దాకా దాటుకుంటూ బయటికి రావాలి.

మొదటి బల్ల ఆయన తలెత్తకుండా అడిగాడు. "చూసి పోవడానికి వచ్చారా, ఇచ్చి పోవడానికి వచ్చారా?"

"తీసుకుపోడానికి."

"అలాంటిది లేదండీ. రెండిట్లో ఒకటి చెప్పండి."

యల్లమంద ఆలోచించి, "అర్జీ ఇస్తా" అన్నాడు. ఆయన ముద్ర వేశాడు.

రెండో బల్ల ఆయన, "తమరు తమరేనా?" అని అడిగాడు. ఆధార్ కార్డు చూసి, ముఖం చూసి, కార్డులో ఫొటోకన్నా మనిషే బాగున్నాడని సందేహించి, చివరికి ఒప్పుకున్నాడు. మూడో బల్ల ఆయన, "తమరు తమరే అయినా తమరికి అడిగే అర్హత ఉందా?" అని పాసుపుస్తకం తిరగేశాడు. చేతిలో నారు చూసి, "అదేంటి?" అన్నాడు.

"నారు."

"జతపరచిన పత్రం అనాలి" అని, స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నాడు. జానెడు.

అక్కణ్ణుంచి రికార్డు గది కిటికీ. లోపల సీనియరు గుమాస్తా రుక్మాంగదరావు కూచుంటాడు. కాలవ వివరాలన్నీ ఆయన దగ్గరే. ఆయన మనిషిని చూడకూడదు. చీటీ లోపలికి వెళ్తే చీటీ బయటికి వస్తుంది. చీటీకి ఒక్క ప్రశ్నే. యల్లమంద 'పద్నాలుగో తూము' అని రాసి పంపాడు. 'ఉన్నది' అని జవాబొచ్చింది. 'దానికి తాళంచెవి' అని పంపాడు. 'ఉన్నది' అని వచ్చింది. 'కావాలి' అని పంపాడు. 'ఏది?' అని వచ్చింది. రుక్మాంగదరావు అప్పటికే మొదటి రెండు చీటీలూ మర్చిపోయాడు.

అంతలో ఇరవై నిమిషాలూ అయిపోయాయి. మస్తాను వచ్చి దారం తెంపాడు.

"నమస్కారమండీ" అన్నాడు, కళ్ళు దించుకుని. "తమరెవరు?"

రుక్మాంగదరావుకి మాత్రం ఈ పద్ధతి అమృతంలా ఉంది. సర్వీసంతా ఏ ఫైలు అడిగినా గుర్తులేదనే చెబుతూ, ప్రతి డి.ఇ. చేతా తిట్లు తిన్న మనిషి. 'జ్ఞాపక విసర్జనలో ఆదర్శప్రాయులు' అని ఆయనకు ఆ వారం ప్రశంసాపత్రం ఇచ్చారు. అది ఎక్కడ పెట్టాడో ఆయనకు గుర్తులేదు.

మంగళవారం యల్లమంద మళ్ళీ వెళ్ళాడు. ఈసారి మస్తాను చీటీ చేతికిచ్చాడు. 'నాలుగు వందల నాలుగు. తమరు కోరినది ఈ కార్యాలయమున కనుగొనబడలేదు.'

"కనబడలేదా?"

"లేదండీ."

మస్తాను నెత్తి మీద, జానెడు ఎత్తులో, పద్నాలుగో తాళంచెవి ఫ్యాను గాలికి ఊగుతూ గోడను టకటకా కొడుతోంది. ఇద్దరూ దాని వంక చూశారు. ఇద్దరూ చూపు తిప్పుకున్నారు.

"ఏ పని ఏ దోవన పోవాలో సార్ జాబితా రాస్తున్నారండీ. ఇవాళ్టికి పన్నెండో తూము దాకా అయింది. రోజుకు రెండు రాస్తారు. జాబితాలో దోవ లేకపోతే వస్తువు లేనట్టేనండీ."

ఆ మధ్యాహ్నం బడ్డీ దగ్గర మస్తాను గ్లాసు ముట్టుకోలేదు. "నీ మొహం చూసి నువ్వెవరంటుంటే నాలిక పీక్కుపోతంది బావా. నిన్న ఇంటికి పోయి మా బీబీని కూడా నమస్కారం తమరెవరన్నా. చెంబు పెట్టి కొట్టింది."

"తగిలిందా?"

"తగిల్తేనే గదా గుర్తొచ్చింది."

బుధవారానికి ఆఫీసు గోడ తెల్లబడింది. ఏ ఊరికి ఏ వారం నీళ్ళో ఆ గోడ మీద రంగుతో రాసి ఉండేది, రోడ్డు మీద పోయేవాడికి కూడా కనబడేది. వారం వారం మారేది గోడ మీద కదలకుండా పడుండటం ఫ్రేమ్‌వర్కుకు అవమానమని మేఘనాథం గారు దానికి సున్నం కొట్టించారు. ఇప్పుడు వంతు తెలుసుకోవాలంటే అర్జీ పెట్టాలి. పెట్టినవాడికి నల్లబల్ల మీద అప్పటికప్పుడు రాస్తారు, చదవగానే తుడిచేస్తారు. పక్కనున్నవాడు చూసినా చెల్లదు. వాడు వేరే అర్జీ పెట్టుకోవాలి. సుద్దముక్కలు రోజుకు రెండు పెట్టెలు అవుతున్నాయని, ఆఫీసు ఇంత చురుగ్గా ఎప్పుడూ లేదని పైకి నివేదిక పోయింది.

ఆ రోజు పద్నాలుగుకు దోవ పడింది గాని మూడో బల్ల దాటేసరికి దారం తెగింది. పోదామని చూస్తే సైకిలు వెనక చక్రంలో గాలి లేదు. మళ్ళీ మస్తాను ముందుకొచ్చాడు.

"పంపు" అన్నాడు యల్లమంద, పేరు ఊరు చెప్పుకోవడానికి గొంతు సవరించుకుంటూ.

మస్తాను మారు మాట్లాడకుండా గుమ్మం పక్కనున్న చెక్కబీరువా మీంచి సైకిలు పంపు తీసి చేతిలో పెట్టాడు.

యల్లమంద పంపు వంక చూశాడు. "దీనికి నేనెవరో అడగలా?"

"అది స్టాటిక్కండీ. ఎవరడిగినా ఒకటే, ఎప్పుడడిగినా ఒకటే. అట్టాంటివాటిని లోపలికి పంపి బల్లల టైము పాడుచెయ్యొద్దని, గుమ్మంలోనే ఇచ్చెయ్యమని సార్ ఆజ్ఞ. మంచినీళ్ళ కుండ, పంపు, గడియారం, క్యాలెండరు."

యల్లమంద గాలి కొట్టుకున్నాడు. మామూలుగా ఇరవై దెబ్బలతో అయ్యే పని, ఆ రోజు నలభై కొట్టాడు. ఏదో ఆలోచనలో పడి టైరు పగలగొడతాడేమోనని మస్తాను భయపడ్డాడు.

గురువారం పని నారు దగ్గర ఆగిపోయింది. సామ్రాజ్యం రోజూ తాజాగా పీకి కడుతోంది. మూడో బల్ల ఆయన స్కేలు పెట్టి, జానెడు మీద రెండు వేళ్ళుందని, జతపరచిన పత్రం పరిమితి మించిందని వెనక్కి పంపాడు.

"సోమవారం సరిపోయిందిగా."

"సోమవారమా? తమరు అప్పుడు వచ్చారా?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

"పెరుగుతాందయ్యా అది. పచ్చిది గదా."

"పెరగనిది జతపరచండి."

సాయంత్రం సామ్రాజ్యం గట్టు మీద నిలబడి ఒక మొక్క చీల్చి చూపించింది. "ఇదుగో, కణుపు పట్టడానికి సిద్ధంగా ఉంది. ఎల్లుండితో వంతు అయిపోద్ది. ఊళ్ళోవాళ్ళు గునపాలు తీస్తామంటన్నారు, తాళం పగలగొడితే కేసులు. నువ్వు ఆ సార్‌తో ఒక్క మాట మాట్లాడలేవా?"

"ఒక్కటి కాదు. నాలుగు కావాలి" అన్నాడు యల్లమంద. "కూర్చుకుంటన్నా."

శుక్రవారం ఆఫీసుకు మామిడాకులు కట్టారు. డి.ఇ. గారి పైఅధికారి ఎస్.ఇ. విద్యాసాగర్ గారు తనిఖీకి వస్తున్నారు. జిల్లాలో యంత్రం రాకముందే డైనమిక్ అయిన ఏకైక కార్యాలయాన్ని కళ్ళారా చూడాలని ఆయన ముచ్చట.

జీపు దిగి ఆయన మెట్లెక్కగానే మస్తాను లేచాడు. "నమస్కారమండీ. తమరెవరు?"

వెనకున్న మేఘనాథం గారు ఒక మెట్టు కిందికి దిగారు. ఎస్.ఇ. గారు మస్తానును ఎగాదిగా చూశారు. తరవాత ముఖమంతా విప్పారింది. "అద్భుతం! హోదాకు అతీతమైన సేవ! కట్టవయ్యా దారం" అని చెయ్యి చాచారు.

మొదటి బల్ల దగ్గర చూసి పోవడానికి వచ్చానన్నారు. రెండో బల్ల దగ్గర తాను తానేనని రుజువు చేసుకోవడానికి జీపులోంచి సంచీ తెప్పించారు. మూడో బల్ల దగ్గర అర్హత గురించి పావుగంట ఉపన్యసిస్తుండగా, మాట మధ్యలో మస్తాను వచ్చి దారం తెంపి, మోచెయ్యి పట్టుకుని మర్యాదగా గేటు బయట వదిలి వచ్చాడు. ఎస్.ఇ. గారు అక్కడే నిలబడి తనిఖీ పుస్తకంలో 'నిష్పాక్షికత పరాకాష్ఠకు చేరినది' అని రాసి, రెండోసారి దారం కట్టించుకుని లోపలికి వచ్చారు. ఈసారి ఉపన్యాసం మానుకున్నారు గనక డి.ఇ. గది దాకా రాగలిగారు.

గది గోడ నిండా మేఘనాథం గారు గీసిన పటం ఉంది. గళ్ళు, బాణాలు, బాణాల మీద నంబర్లు. ఆయన కర్ర పట్టుకుని వివరిస్తున్నారు. ఆ వేళకు యల్లమంద కూడా, అయిదో రోజు అయిదో దారంతో, మూడు బల్లలూ దాటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నారును ఈసారి జతపరచలేదు. కండువాలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. అక్కణ్ణుంచి మస్తాను కుర్చీ, దాని వెనక మేకులు కనబడుతున్నాయి.

"అయ్యా, ఒకటి అడగొచ్చా?" అన్నాడు.

మస్తాను ఉలిక్కిపడ్డాడు. అడక్కుండా యల్లమంద నోరు విప్పడం అతను పాతికేళ్ళలో చూడలేదు.

"అడుగు, అడుగు" అన్నారు ఎస్.ఇ. గారు.

"ఎవరడిగినా ఒకటే, ఎప్పుడడిగినా ఒకటే అయ్యేది ఉంటే, దానికి కూడా ఈ బల్లలన్నీ కావాలా?"

మేఘనాథం గారి ముఖం వెలిగిపోయింది. పటం గీసిన నాటి నుంచి దాన్ని గురించి ఒక్కరు ఒక్క ప్రశ్న వేయలేదు. "వద్దు! అక్కర్లేదు! అది స్టాటిక్! దాన్ని లోపలికి పంపడం మహాపరాధం. గుమ్మంలోనే ఇచ్చివేయవలెను. అడిగినవాడు ఎవరని కూడా అడగరాదు. ఇదిగో, ఈ బాణం చూడండి!"

"గ్రామీణ ప్రాంతంలో ఈ స్థాయి అవగాహన!" అన్నారు ఎస్.ఇ. గారు పుస్తకం తెరుస్తూ.

"అయితే పద్నాలుగో తూముకు తాళంచెవులు రెండున్నాయా అయ్యా?"

"ఒకటే."

"నాకొకటీ, ఇంకొకరికి ఇంకొకటీ ఇస్తారా?"

"ఎవరికైనా అదే ఇస్తాం."

"తాళం పెట్టినకాణ్ణుంచి ఎప్పుడన్నా మారిందా?"

"మారలేదు." మేఘనాథం గారి కర్ర కొంచెం కిందికి దిగింది.

"ఎత్తే చుట్లు?"

"ఆరు. బిళ్ళ మీదే ఉంటుంది."

"అయితే అది పంపులాంటిదా, కాదా?"

వరండాలో ఫ్యాను గాలికి తాళంచెవి గోడను కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"కానీ... నా సంతకం..." అన్నారు మేఘనాథం గారు.

"అది మాత్రం మనిషినిబట్టి మారుద్దా అయ్యా?"

ఎస్.ఇ. గారు పకపకా నవ్వారు. "సంతకం మారితే బ్యాంకువాళ్ళు ఊరుకుంటారటయ్యా? మేఘనాథం, ఇది శుద్ధ స్టాటిక్. ఇంతకాలం దీన్ని ఫ్రేమ్‌వర్కులో తిప్పుతున్నారా?"

మేఘనాథం గారు పటం వంక చూశారు. ఎస్.ఇ. గారి కలం పుస్తకం మీద ఆగి ఉంది. తాను గీసిన బాణం తననే చూపిస్తోంది. నమ్మినదాన్ని మధ్యలో వదిలే మనిషి కాడాయన. కర్ర నేలకు కొట్టి, "రౌటర్! స్టాటిక్!" అని కేక పెట్టారు.

మస్తాను వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి, తడిమి, పద్నాలుగో తాళంచెవి తీసి, దగ్గరికి వచ్చిన యల్లమంద అరచేతిలో పెట్టాడు. అతనెవరో అడగలేదు. అడగకపోవడం ఉత్తర్వు గనక ఈసారి కళ్ళెత్తి చూశాడు కూడా. దారం మీద ఇంకా ఏడు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

ఆ సాయంత్రం యల్లమంద షట్టరు ఆరు చుట్లు తిప్పాడు. శనివారం పొద్దెక్కేసరికి ములకలూరు చేలన్నీ నీళ్ళతో మెరుస్తున్నాయి. మడి దున్ని దమ్ము చేసేవాళ్ళు చేస్తుండగానే వెనక నాట్లు పడ్డాయి. సామ్రాజ్యం కండువాలో నలిగిన గుప్పెడు నారును కూడా పారెయ్యలేదు. గనిమ గట్టు వారన నాటి, "నువ్వు మాట్లాడకపోయినా సరే, వెళ్ళొచ్చావు" అంది దానితో.

సోమవారం యల్లమంద తాళంచెవి తిరిగి ఇవ్వబోతే మస్తాను పుచ్చుకోలేదు. స్టాటిక్ ఇచ్చేదే తప్ప తీసుకునేది కాదట. తిరిగి తీసుకునే బాణం పటంలో లేదు. అప్పటికే ఎస్.ఇ. గారి సిఫారసుతో ఇరవై రెండు తాళంచెవులూ స్టాటిక్ అయ్యాయి. వారం తిరక్కుండా మేకులన్నీ ఖాళీ అయ్యాయి. ఏ ఊరి తాళంచెవి ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. పై ఊరివాళ్ళు బిళ్ళ మీదున్నదానికన్నా ఒక చుట్టు ఎక్కువ తిప్పితే కింది ఊరివాళ్ళు సాయంత్రానికి వాళ్ళ అరుగు మీద కూచుని ఉండేవాళ్ళు. చుట్లు సరిగ్గా బిళ్ళ మీదున్నన్నే తిరిగాయి. ఆఫీసులో మూడు బల్లల మీదా దుమ్ము పేరుకుంది. 'అభ్యర్థనలే లేని పరిపూర్ణ వ్యవస్థ' అని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

చేలు పొట్ట మీదున్న రోజుల్లో అసలు సర్వరు వచ్చింది. బిగించడానికి, ఆ శిక్షణ ఇచ్చిన కంపెనీ నుంచే ప్రసూన అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. మొదటి అర్జీదారుగా యల్లమందనే పిలిపించారు. చేతిలోకి ఫోనొకటి ఇచ్చి, పేరు ఊరు కొట్టించారు. తూము, వంతు, తారీఖు తెర మీద వచ్చాయి. మేఘనాథం గారు, "ఇప్పుడు మరొకసారి తెరవండి. తమరెవరని ఎంత కచ్చితంగా అడుగుతుందో చూడండి" అన్నారు.

యల్లమంద మూసి, తెరిచాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి. 'తిరిగి స్వాగతం, యల్లమంద గారూ.'

మేఘనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, ఇది పాడైంది. ఈయన్ని గుర్తుపట్టింది."

"పట్టాలి కదండీ" అంది ప్రసూన. "మనిషిని గుర్తుపట్టకపోతే రోజుకు నాలుగుసార్లు పేరు ఎవరు చెప్పుకుంటారు?"

"సర్వరు మర్చిపోవలెనని శిక్షణలో..."

"మూడో రోజు పాఠం అంతవరకేనండీ. తనంతట తనకు గుర్తుండదు, అందుకని వచ్చినవాళ్ళకొక గుర్తు కట్టి పంపిస్తాం, మళ్ళీ వచ్చినప్పుడు అది చూసి పోల్చుకుంటాం. అది నాలుగో రోజు పాఠం. తమరు వినలేదా?"

మేఘనాథం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ఇంట్లో మిక్సీ మాత్రం ఇప్పటికీ చక్కగా తిరుగుతోంది.

మస్తాను తన బల్ల సొరుగు లాగాడు. అందులో రెండు నెలల కిందట తెంపిన పసుపు దారాలు ఉండలుగా పడి ఉన్నాయి. "దారం కట్టేది గుర్తుపట్టడానికా!" అన్నాడు. మెళ్ళో అట్టముక్క తీసి సొరుగులో ఆ దారాల మీద పడేసి, గేటు లోపల, డి.ఇ. గారి ఎదురుగా, గొంతెత్తి పిలిచాడు.

"ఏం బావా, చేను ఈనిందా?"

యల్లమంద మొలలోంచి తాళంచెవి తీశాడు. తనే మస్తాను నెత్తి మీదుగా చెయ్యి చాచి పద్నాలుగో మేకుకు తగిలించాడు. ఆ తరవాత యల్లమంద మస్తానుకు రెండు చేతులూ జోడించి, ముఖంలో ఒక్క గీత కదలకుండా అన్నాడు.

"నమస్కారమండీ. తమరెవరు?"